మైసయ్య అడిగే మాట

తెల్లారేసరికే ఆ రోజు చేయవలసిన పనులు మాధవి మనసులో వరుసకట్టి నిలబడ్డాయి.

గోడల నుంచి రాలిన ఒండ్రుమట్టి ఊడ్చి ఎత్తిపోయాలి. చిన్నమ్మ చేత ఒక్క ముద్దయినా తినిపించాలి. సిరిసిల్ల నుంచి ఎల్లేశం పెద్దబాపు వస్తాడు, ఆయనకు చక్కెర లేని చాయ్ పెట్టాలి. బాపు గోదావరి మాట ఎత్తితే మాట మళ్లించాలి. నాయినమ్మ ఏడిస్తే ఏడవనియ్యాలి. ప్రేమ్‌సాగర్ సారు బండి వాకిట్లో ఆగేలోపల బొమ్మల పటం ముడి ఇక్కడే విప్పడమా, విప్పకుండా పంపడమా తేల్చుకోవాలి.

ఆఖరుది ఒక్కటే అసలు పని. మిగతావన్నీ దాని చుట్టూ తిరిగే పనులు.

చీపురు ఇంకా చేతిలోనే ఉంది. వెనుక నుంచి తండ్రి గొంతు వినిపించింది.

"ధర్మపురికి ఆటో మాట్లాడిన. పటాన్ని గోదారి గంగల ఇడిసి వస్త."

దేవయ్య ఆ మాట గోడకు చెప్పినట్టు చెప్పాడు. ఇంట్లో ఎవరి మొహమూ చూడలేదు. గోడ మీద మనిషి ఛాతీ ఎత్తున నీళ్ల గీత ఉంది. వాగు ఇంట్లోకి వచ్చి పోయినప్పటి నుంచి ఆయన కండ్లు ఆ గీత మీదనే.

తులసి గద్దె పక్కన కూర్చున్న నర్సక్క తల ఎత్తింది. "సచ్చిందో బతికిందో సూడకుంటనే మోస్కపోతవా కొడుకా?"

"సూసుడు నాతోని కాదవ్వా."

"మైసయ్యను సూసే మోసినం గద. గా పటాన్ని సూస్తందుకు నీకేమైంది?"

తలుపు చాటున గిన్నె కిందపడిన చప్పుడైంది. అక్కడ మాధవి చిన్నమ్మ అంజవ్వ ఉంది. వాగులో పోయిన మైసయ్య భార్య. వరద తర్వాత ఆమె నోట ఒక్క మాట బయటికి రాలేదు.



వాళ్లు పటం కథ చెప్పి బతికిన ఇంటివాళ్లు. బొమ్మలు రాసిన పొడుగాటి గుడ్డను నేతపని చేసే సాలెవాళ్ల ఇండ్ల ముందు వేలాడగట్టి, మార్కండేయుని కథ, ఆయన వంశంలో మొదటి బట్ట నేసిన ముని కథ చెప్పడం వాళ్ల వంతు. కోరుట్లలో ఇల్లు, జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా కథ. దేవయ్య కర్రతో బొమ్మ చూపిస్తూ ఒక చరణం పాడి ఆగుతాడు. వెనుక నిలబడ్డ తమ్ముడు మైసయ్య, "మరేమాయెనే అన్నా?" అని అడుగుతాడు. అడిగితేనే కథ కదులుతుంది. అడగకపోతే బొమ్మలోని దేవుడైనా కాలు తీసి కాలు పెట్టడని మాధవికి చిన్నప్పుడు నాయినమ్మ చెప్పింది.

వాగు పొంగిన పొద్దు మైసయ్య పటం పెట్టెను నెత్తిన పెట్టుకొని నీళ్లలోంచి నడిచి గడ్డ మీద దించాడు. బొమ్మలు చూపే కర్ర ఇంట్లోనే ఉండిపోయిందని మళ్లీ పోయాడు. కర్ర తేలుకుంటూ వచ్చి కంచెకు చిక్కింది. మైసయ్య దొరికింది కల్వర్టు అవతల.

తరువాత జరిగిన తప్పు ఆ ఇంట్లోనే జరగగల తప్పు. ఇంట్లో చావు జరిగితే దినాలు అయ్యేదాకా పటాన్ని ముట్టరాదు. మైసయ్య ఎత్తేలోపే అడుగున తడిసిన పటం తడి చుట్టగానే పెట్టెలో ఉండిపోయింది. దినాలు అయినాక విప్పుదామంటే ఇంకొక కట్టడి అడ్డం వచ్చింది. పటం తెరిస్తే కథ నడవాలి, తెరిచి ఉన్నంతసేపూ కథ ఆగరాదు. చెప్పేవాడు నోరు మూసుకున్నాడు. అడిగేవాడు లేడు.

ఇప్పుడు పెట్టె మూత దగ్గర ముక్కు పెడితే గుడ్డకు పూసిన చింతగింజల జిగురు పులిసిన వాసన వస్తోంది.

"బాపూ," అంది మాధవి, చీపురు గోడకు ఆనించి. "నువ్వు చెప్పకు. నిన్ను ఎవలు చెప్పుమంటలేరు. ప్రేమ్‌సాగర్ సారు తీస్కపోయి ఆరబెడుతడు. వాళ్ల కాడ పొడి అర్ర ఉన్నదట, గాలి గూడ కొలిచి ఇడుస్తరట."

"గా అర్రల పాట ఎవలు పాడుతరు?" అంది నర్సక్క.

"అక్కడ పాట ఉండది నాయినమ్మా."

"ఒట్టిగనే తెరుస్తరా?"

"తెరువకపోతె ఎట్ల ఆరుతది?"

"డిగ్రీ చదివిపిస్తె పటానికి దవాఖాన సూసినవ్," అంది నర్సక్క. తిట్టినట్టు లేదు, మెచ్చినట్టూ లేదు. "దవాఖానకు తోలినోళ్లను మళ్ల సూత్తమో సూడమో."

ఆ మాట మాధవికి తగలవలసిన చోటే తగిలింది. సారుకు ఫోన్ చేసింది ఆమే. జగిత్యాలలో డిగ్రీ చదువుతున్నప్పుడు ఆ సారు పనిచేసే సంస్థ వాళ్లు కాలేజీకి వచ్చి చెప్పారు. వానలు మునుపటిలా లేవు, ఎండలు మునుపటిలా లేవు, పాత కట్టడాలను, పాత కళలను ఈ మార్పు నుంచి కాపాడుతున్నాం, మీ ఊళ్లో ఏమైనా ఉంటే చెప్పండి అన్నారు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. చెప్పడం తన బాధ్యత అనుకుంది. ఫోన్ చేసిన తర్వాత నుంచి సరిగా నిద్ర లేదు.

సందె దీపం పెట్టే వేళకు ఆ పెట్టెలోంచి "మరేమాయెనే" అని వినిపిస్తున్నదని నర్సక్క అంటోంది. తడి చెక్క ఆరుతూ చేసే చప్పుడని మాధవి నచ్చజెప్పింది. నిన్న సాయంత్రం దీపం పెట్టింది మాధవి. ఆ తర్వాత నచ్చజెప్పడం మానేసింది.

* * *

ఎల్లేశం వచ్చేసరికి ముసురు పట్టింది. గొడుగు మడిచి, లోపలికి రాకముందే గడప దగ్గర చేతులు జోడించి పెట్టె ఉన్నవైపు మొక్కాడు. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపి ముసలివాడైన సాలెమనిషి, పెద్దబాపన్నది వరస పిలుపే. ఆ చప్పుడుకు చెవులు కొంత మందగించి, తను మాట్లాడితే వీధికి వినబడుతుంది.

"రుద్రంగి కాడ రోడ్డు మీదికెల్లి నీళ్లు పోతున్నయ్. బస్సు దింపి ఆటో ఎక్కిచ్చిండ్రు. ఏమే పిల్లా, చాయ్ పెడుతవా, నీళ్లు సూసుకుంటనే పొమ్మంటవా?"

"పెడుతున్న పెద్దబాపూ."

"చక్కెర అద్దు."

"ఎరుకే."

దేవయ్య పక్కన కూలబడి ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు ఎల్లేశం. పలకరింపు అదే. తరువాత అన్నాడు.

"గంగల ఇడుస్తవట."

"ఇడుస్త ఎల్లేశమన్నా."

"గుడ్డ మా తాతలిచ్చిండ్రు. రంగులు మా తాతలే పెట్టిచ్చిండ్రు. మమ్ముల అడగకుంటనే ఇడుస్తవా?"

"అడుగుతున్న గద ఇప్పుడు."

"అడిగితె చెప్తున్న. కండ్లు సూడాలె. దేవుని కండ్లు చెరిగిపోతె పటం సచ్చినట్టు. అప్పుడు నేనే ఎంబడి వస్త ధర్మపురికి. కండ్లుంటె బతికున్నట్టు. బతికున్నదాన్ని నీళ్లల్ల ఎస్తె ఏమంటరు దేవయ్యా దాన్ని?"

బతికి ఉండగానే నీళ్లలో పోయిన మనిషి ఆ ఇంట్లో ఎవరో అందరికీ తెలుసు. ఎల్లేశానికి తన మాట తనకే తగిలింది. చాయ్ గ్లాసు కింద పెట్టి, "నా నోట్ల మన్నువడ," అన్నాడు మెల్లగా.

అప్పుడే వాకిట్లో బండి ఆగింది.

ప్రేమ్‌సాగర్ దిగి, చెప్పులు గడప అవతలే విడిచి లోపలికి వచ్చాడు. నలభై దాటిన మనిషి, మెత్తని మాట. ఫోన్‌లో మాట్లాడినప్పుడు మాధవి మైసయ్య పేరు చెప్పింది. ఆయన ఆ పేరు మరిచిపోలేదు. ముందుగా గోడకు పెట్టిన ఫోటో దగ్గరికి పోయి నిలబడి దండం పెట్టాడు. అది చూసి నర్సక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

"అమ్మా, మిమ్మల్ని బాధపెట్టడానికి రాలేదు నేను," అన్నాడు ప్రేమ్‌సాగర్. "మళ్లీ వానలున్నాయంటున్నారు. ఇంకో తడి తగిలితే పటం ముద్దయిపోతుంది. ముంపు భయం ఉన్నవాటిని ఎత్తు చోటికి చేర్చడమే మా పని."

"ఏమేమి చేరుస్తరు సారూ?" అన్నాడు ఎల్లేశం.

"విగ్రహాలు, తాళపత్రాలు, పటాలు. కదలని వాటికి అక్కడే గట్టు కడుతున్నాం. కోట గోడలకు, పాత గుళ్లకు."

"మనుషులను?"

ప్రేమ్‌సాగర్ తడబడ్డాడు. "నా పని వస్తువుల వరకే పెద్దాయనా."

"గదే అడుగుతున్న. మా మానేరు పొంగితె సాంచెలు మునిగినయ్. నూలు సుట్టిన బీములు అన్నీ మునిగినయ్. గుడి అరుగు తడిస్తె ఫోటోలు తీయనీకి నలుగురొచ్చిండ్రు. సాంచెల అర్రల నడుములోతు బురదల నిలబడ్డోన్ని అరుగు ఎటుదిక్కున్నదని అడిగిండ్రు. నేనే తొవ్వ చూపిన."

ఎల్లేశం నవ్వాడు. తోడు నవ్వినవాళ్లు లేరు.

"సార్," అంది మాధవి. "పటం మీ దగ్గర ఆరినంక మళ్ల మాకిస్తరా?"

ప్రేమ్‌సాగర్ అబద్ధం చెప్పే మనిషి కాదు. అదే వాళ్ల కర్మ. "ఈ ఇల్లు వాగు ఒడ్డున ఉన్నంతకాలం ఇవ్వడానికి మా పైవాళ్లు ఒప్పుకోరమ్మా. కథ ఉన్నప్పుడు కొన్నాళ్ల కోసం తెచ్చి చూపించే ఏర్పాటు అడుగుతాను. మాట ఇవ్వలేను."

"మరి ఇల్లు?"

"ఇల్లు మా పరిధిలో లేదు. అడిగాను. నిజంగా అడిగాను."

"అంటే గీ ఇంట్ల పటం ఉంటె ముప్పు. మేముంటె ముప్పు లేదు."

ప్రేమ్‌సాగర్ నేల చూశాడు. నేల ఇంకా ఎక్కడికక్కడ చెమ్మ. ఎర్రమట్టి పూసిన చోట చీమలు బారు కట్టాయి.

"నువ్వే పిలిచినవ్ గద బిడ్డా," అన్నాడు దేవయ్య, కోపం లేకుండా. ఆ కోపం లేనితనమే మాధవికి భరించరాలేదు.

"పిలిచిన బాపూ. పిలిచి అడుగుతున్న. తప్పా?"

"తప్పని ఎవలన్నరు?"

చూరు నుంచి నీళ్లు బొట్లుబొట్లుగా రాలుతున్నాయి. ఆ ఇంట్లో ఎవరైనా మాట ఆపితే చాలు, ఆ ఖాళీలోకి ఇంకొక గొంతు వస్తుందేమోనని అందరూ చెవులు రిక్కించినట్టు ఉంటోంది. నలుగురూ పెట్టె వైపే చూశారు. పెట్టె పెట్టెలాగే ఉంది.

ప్రేమ్‌సాగర్ తెలివైనవాడు. ఆ చూపు ఆయనకూ అర్థమైంది. "కట్టేముందు ఒక్కసారి తడి ఎంత లోపలికి పోయిందో చూడాలి," అంటూ పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. మూత తీశాడు. వాసన ఇల్లంతా లేచింది. చుట్ట మీది ఎర్రదారం ముడి దగ్గరికి చెయ్యి పోయింది.

నర్సక్క లేవడం ఎవరూ చూడలేదు. ఆమె ముడతల చెయ్యి ముడి మీద ఉంది.

"ముట్టకు నాయినా. పాట లేకుంట ముడి ఇప్పద్దు. పాట లేకుంట తెరిస్తె బొమ్మలల్ల ఉన్నోళ్లు దిక్కులు సూస్తరు. ఎవలు పిలిచిండ్రని తిరుగుతరు. ఇంట్ల ఇప్పటికే ఒకడు తిరుగుతున్నడు."

ప్రేమ్‌సాగర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కానీ లేవలేదు. "అమ్మా, ఇవాళ విప్పకపోతే రేపు విప్పడానికి ఏమీ ఉండదు," అన్నాడు.

మాధవి తండ్రి వైపు చూసింది. దేవయ్య గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ వీపును ఆమె వెయ్యి కథల్లో చూసింది. ఇంత చిన్నదిగా ఎప్పుడూ లేదు.

"నేను పాడత," అంది మాధవి.

"ఆడివిల్ల కర్ర పట్టేది లేదు," అంది నర్సక్క. అలవాటుగా అనేసింది.

"కర్ర పట్టను. ఒట్టిగ పాడత. నువ్వు తాత ఎనుక కూసోని పాడలేదా?"

"మెల్లగ పాడిన. నాకినవడేటంత."

"నేను జర గట్టిగ పాడత."

ఎల్లేశం గొంతు సవరించుకున్నాడు. "పటం మాది గూడ అన్న గద. మా తరపున నేను చెప్తున్న. పాడు పిల్లా."

* * *

మాధవి పటానికి ఎదురుగా బాసింపట్టు వేసుకొని కూర్చుంది. చిన్నప్పటి నుంచి కొన్ని వందల మార్లు విన్న మొదటి చరణం. నోట్లోకి వచ్చేసరికి కొత్త ఇంట్లో అడుగుపెట్టినట్టుంది.

తొలి మొక్కు నీకు బొజ్జ గణపయ్యా
తెర తీసి తొవ్వ చూపు బొజ్జ గణపయ్యా

ఆగింది. ఆగవలసిన చోటు అదే. అక్కడ ఇంకొక గొంతు రావాలి.

రాలేదు.

చూరు నీళ్లు రాలాయి. ప్రేమ్‌సాగర్ ముడి దగ్గర చెయ్యి పెట్టుకొని ఎదురుచూస్తున్నాడు. నర్సక్క పెదవులు కదుపుతోంది, శబ్దం లేదు. కొడుకు అడిగే మాటను తల్లి నోట అనలేకపోతోంది.

మాధవి మళ్లీ పాడింది. ఈసారి జర గట్టిగా. మళ్లీ ఆగింది. ఆ ఖాళీ మొదటిదానికంటే లోతుగా ఉంది, కాలు పెడితే అందనట్టు.



ఇక చాలని లేవబోయిన మాధవికి, తలుపు చాటు నుంచి, నీళ్లు తాగక ఎండిన గొంతు ఒకటి వినిపించింది.

"మరేమాయెనే అన్నా?"

ఆ మాట విరుపు మైసయ్యదే. చివర జర సాగదీసి, నవ్వు ఆపుకుంటున్నట్టు అడగడం ఆయనదే. గొంతు మాత్రం అంజవ్వది.

నర్సక్క నేల మీద కూలబడి కొంగులో మొహం దాచుకుంది. ఎల్లేశం చేతులు జోడించాడు. దేవయ్య ఇటు తిరిగాడు. మరదలి గొంతు విన్నదానికో, తమ్ముని మాట విన్నదానికో, మొహం నీళ్లల్లోంచి పైకి తేలిన మనిషి మొహంలా ఉంది.

మాధవికి ఆశ్చర్యపోయే తీరిక లేదు. అడిగినవాళ్లకు చెప్పాలి. రెండో చరణం ఎత్తుకుంది. ప్రేమ్‌సాగర్ ముడి విప్పాడు.

ఎల్లేశం ఒక పక్క, ప్రేమ్‌సాగర్ ఒక పక్క పట్టుకొని వెంట్రుకమందం వెంట్రుకమందంగా చుట్ట వదిలారు. గణపతి బయటపడ్డాడు. తొండం మీది రంగు పాలిపోయింది. పక్కన దీపం బొమ్మ కరిగి నీలమైంది.

"కండ్లున్నయ్," అన్నాడు ఎల్లేశం.

ఆ మాటకు దేవయ్య లేచాడు. మూలన ఆనించి ఉన్న కర్ర, కంచెకు చిక్కి తిరిగొచ్చిన కర్ర, చేతిలోకి తీసుకున్నాడు. నోరు విప్పలేదు. పటం పక్కన నిలబడి, బిడ్డ పాడుతున్న బొమ్మ మీద కర్ర మొన పెట్టాడు. మాధవి గొంతులో బలం వచ్చింది. చరణం ముగిసినప్పుడల్లా తలుపు చాటు నుంచి మాట వస్తోంది. మాట వచ్చినప్పుడల్లా చుట్ట ఇంకొంచెం వదులవుతోంది. కాసేపు ఆ ఇంట్లో అందరికీ పని దొరికింది.

ముని తపస్సు వచ్చింది. తల్లి కోరిన వరం వచ్చింది. బిడ్డ పుట్టాడు. పదహారేండ్లకే ఆయుష్షు తీరుతుందన్న మాట వచ్చింది. తరువాతది యముడి బొమ్మ.

పదారేండ్ల బాలుడు పూజ చేసే యాళ
పాశము పట్టుకొని వచ్చిండు యముడు

చుట్ట అక్కడ గట్టిగా అంటుకుంది. ప్రేమ్‌సాగర్ పలుచని కాగితం లోపలికి జరిపి, ఊపిరి బిగబట్టి వదిలించాడు. బొమ్మ తెరుచుకుంది.

దేవయ్య చేతిలో కర్ర ఆగిపోయింది.

దున్నపోతు ఉంది. యముడు ఉన్నాడు. శివలింగాన్ని కావలించుకున్న పిల్లవాడు ఉన్నాడు. ఇద్దరి నడుమ, ఇంతకుముందు ఒట్టి ఎరుపు మాత్రమే ఉన్న చోట, మూడో మనిషి నిలబడి ఉన్నాడు. నల్లగా, నీడలా. నడుము నుంచి కిందికి లేడు. రెండు చేతులూ పైకెత్తి నెత్తి మీద ఏదో మోస్తున్నాడు.

నర్సక్క చెయ్యి నోటికి పోయింది. మాధవి చూపు అక్కడే తగులుకుంది. గొంతు మాత్రం ఆపలేదు. తెరిచిన పటం ముందు కథ ఆగరాదు. పాడిన చరణాన్నే తిప్పి తిప్పి పాడుతోంది.

"ఇదేమిటో నాకు తెలుసు," అన్నాడు ప్రేమ్‌సాగర్, గొంతు తగ్గించి. "లోపలి చుట్టలో ఎవరైనా మోపు మోసే బొమ్మ ఉందా?"

"ఉన్నది," అన్నాడు ఎల్లేశం. "తామర తూళ్ల మోపు నెత్తిన పెట్టుకొని కొలనులకెల్లి వచ్చే మనిషి. వాటి నారతోని బట్ట నేస్తందుకు తెస్తడు."

"ఆ రంగే గుడ్డలోంచి ఊరి దీని మీద దిగింది. మరక, అంతే. భయపడకండి. మా వాళ్లు దీన్ని జాడ లేకుండా తీసేస్తారు."

ఆయన ధైర్యం చెప్పడానికే అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

"ఏం తీసేస్తరు?" అన్నాడు దేవయ్య.

ప్రేమ్‌సాగర్ తలెత్తి చూసి, ఆ ఇంటి మొహాలన్నీ ఒక్కసారి చదివాడు.

తలుపు చప్పుడైంది. అంజవ్వ బయటికి వచ్చింది. చిక్కిపోయి, చీర ఒంటికి అంటక వేలాడుతోంది. ఎవరినీ చూడలేదు. పటం ముందుకు పోయి, చెయ్యి చాచి, తాకకుండా, ఆ నీడ చుట్టూ గాలిలో చెయ్యి తిప్పింది.

"ఇంకా దించలే," అంది. "గడ్డకొచ్చినంక గూడ నెత్తి మీదనే పెట్టుకున్నడు."

"అది తూళ్ల మోపు పిల్లా," అన్నాడు ఎల్లేశం. ఆ పెద్ద గొంతు అంత చిన్నదవుతుందని మాధవికి తెలియదు.

"నాకెరుక. తూళ్ల మోపే." అంజవ్వ కండ్లు తుడుచుకోలేదు. "అయినా ఆయనే."

ప్రేమ్‌సాగర్ వైపు తిరిగింది. "సారూ, నీ అర్రలకు నీళ్లు వస్తయా?"

"రావమ్మా. మూడో అంతస్తులో ఉంది."

"ఎంత వానొచ్చినా?"

"ఎంత వానొచ్చినా."

"అయితె తీస్కపో."

మాధవి గొంతు ఒక్క అక్షరం జారింది. పట్టుకుంది. పోతే తిరిగి రాదని తెలిసినప్పటి నుంచి, ఈ ఇంట్లోనే పటాన్ని నిలుపుతాడని బాపు మీద ఆశపడింది, ఎల్లేశం పెద్దబాపు మీద ఆశపడింది. పొమ్మనే మాట చిన్నమ్మ నోట వస్తుందనుకోలేదు. కాదని చెప్పాలంటే పాట ఆపాలి. ఆపడానికి లేదు.

"అంజవ్వా," అంది నర్సక్క. "గాడ పాట ఉండది బిడ్డా."

"ఈడ పాటున్నది. నీళ్లు గూడ ఉన్నయ్. ఒక్కసారి మునిగిండు. మళ్ల ముంచుతరా ఆయనను?" అంజవ్వ ప్రేమ్‌సాగర్‌నే చూస్తోంది. "తుడువద్దు. మరక అన్నవు గద, దాన్ని ముట్టద్దు. ఇంకోటి, నన్ను గూడ తీస్కపో. తెరిచినప్పుడు అడిగేటోళ్లు ఉండాలె. నేను అడుగుత."

"అమ్మా, వస్తువుతో పాటు మనిషిని తీసుకుపోవడానికి..." ప్రేమ్‌సాగర్ మాట వెతుక్కున్నాడు. "అట్లాంటి ఏర్పాటు మా దగ్గర లేదు."

"మరి ఏర్పాటు చేసుకో."

ఆమె గడప దాటింది. ముసురులో వాకిలి దాటింది. బండి వెనుక, పటం కోసం తెచ్చిన కొత్త చెక్కపెట్టె పక్కన ఎక్కి, మోకాళ్లు దగ్గరికి తీసుకొని కూర్చుంది. డ్రైవర్ దిగి ఏదో అడిగాడు. ఆమె వినలేదు.

ఇంట్లో ఎవరూ కదల్లేదు. కదిలితే పటం చివర జారుతుంది. ఎల్లేశం ఒక పక్క, ప్రేమ్‌సాగర్ ఒక పక్క పట్టుకొని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. లోపల విప్పని చుట్ట ఇంకా చాలా ఉంది. తూళ్ల మోపు మోసేవాడు ఆ లోపలే ఎక్కడో ఉన్నాడు. వాడి కండ్లు ఉన్నాయో లేవో ఎవరికీ తెలియదు.

వాన పెరిగింది. వాగు వైపు నుంచి ఆ పాత హోరు సన్నగా మొదలైంది.

మాధవి ముందుకు పోక తప్పలేదు. తరువాతి చరణం ఎత్తుకుంది.

పాశము పడ్డది పసివాని మెడల
పసివాడు పట్టిన పట్టిడువడాయె

ఆగింది. తండ్రి వైపు చూసింది. దేవయ్య నోరు తెరిచాడు. గొంతు రాలేదు. కర్ర మొన ఆ నీడ పాదాలు ఉండవలసిన చోట ఆగి ఉంది. బండిలో కూర్చున్న మనిషికి ఇక్కడి పాట వానలో వినిపించదు.

అడిగేవాళ్లు ఇప్పుడు ఆ ఇంట్లో లేరు. ఈ కథ చదువుతున్నవాళ్లే అడగాలి. పేజీ మడిచి లేచి పనుల్లో పడ్డాక, అన్నం ముందో, బస్సులోనో, మరేమైందో అన్న మాట మీ నోట మెదులుతుంది. అప్పుడు ఒక్కటి జ్ఞాపకం పెట్టుకోండి. ఆ మాట మీది కాదు. వాగు పొంగిన పొద్దు నెత్తి మీది పెట్టెను గడ్డ మీద దించి, ఒక కర్ర కోసం మళ్లీ నీళ్లలోకి పోయిన మనిషిది. పటం ఎటు పోయినా సరే, కోరుట్ల మైసయ్యను మరిచిపోకండి.